ఫాక్స్‌గ్లోవ్ పూసిన ఆదివారం

ఆ ఆదివారం ఉదయానికి మైసయ్య వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తెల్లవారగానే పెరట్లోకి వెళ్ళాలి. ఫాక్స్‌గ్లోవ్ కాడ మీది మొదటి మొగ్గ విచ్చిందో లేదో చూడాలి. విచ్చి ఉంటే పక్కింటి మునీర్‌ను పిలుచుకొచ్చి, ఒక్క మాట కూడా అనకుండా, ఆ మొక్క ముందు నిలబెట్టాలి. మాట అనకపోవడం ఈ ప్రణాళికలో ముఖ్యమైన అంశం. రెండేళ్ళుగా మునీర్ అన్న మాటలన్నిటికీ మౌనమే తగిన జవాబని ఆయన ఎప్పుడో తీర్మానించుకున్నాడు.

మొగ్గ విచ్చింది. గులాబీరంగు గంట ఒకటి కాడకు వేలాడుతున్నది. దాని లోపలి పెదవి మీద, ఎవరో తీరికగా కూర్చొని పెట్టినట్టు ముదురు చుక్కలు. మైసయ్య ముందు ఒక మోకాలి మీద, తరువాత రెండు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బొగ్గుగనిలో ఉద్యోగకాలమంతా నేల కింద గడిపి, రిటైరయ్యాక కూడా చర్చికొచ్చి మోకరించమంటే కీళ్ళనొప్పుల సాకు చెప్పే మనిషి, ఆ ఉదయం పెరటి బురదలో చాలాసేపు అట్లాగే ఉండిపోయాడు.

ఫాక్స్‌గ్లోవ్ చలి ప్రాంతాల మొక్క. మొదటి ఏడు నేలకు ఆనుకొని మెత్తటి, నూగు పట్టిన ఆకుల గుత్తి మాత్రమే వేస్తుంది. రెండో ఏడు ఆ గుత్తి నడుమ నుంచి నిలువుగా కాడ లేస్తుంది, దాని పొడవునా గంటల్లాంటి పూలు పూస్తాయి. చిక్కేమిటంటే, ఈ రెండేళ్ళ నడుమ బెల్లంపల్లిలో ఒక ఎండాకాలం ఉంటుంది. ఆ ఎండాకాలాన్ని మైసయ్య పచ్చ వలతో, తడి గోనెసంచులతో, అవి చాలక ఇంట్లోని కూలర్‌తో ఎదుర్కొన్నాడు. కూలర్ పెరట్లోకి వెళ్ళిన రోజు ఆయన భార్య ఆనందమ్మ ఒకే ఒక సందేహం అడిగింది.

"గీ చెట్టు పేరేందన్నవ్?"

"ఫాక్స్‌గ్లోవ్. అంటే నక్క చేతికి తొడుక్కునేది."

"నక్కకు చేతులెక్కడియి?"

"పేరు గట్ల పెట్టిండ్రు."

"తొడుక్కునేది నక్క. కూలర్ మాత్రం మనదా?"

మునీర్‌కు బజారులో నర్సరీ ఉంది. మొక్కల విషయంలో తన మాటే చివరి మాటని ఆయన నమ్మకం. "మైసన్నా, గిది ఊటీల పూసే చెట్టు. బెల్లంపల్లిల పూసిందనుకో, నా నర్సరీ బోర్డు దించి నీ గేటుకు కడత" అని ఆయన గోడ మీదుగా నెలకొకసారైనా ప్రకటించేవాడు. ఇప్పుడు ఆ బోర్డు దిగే రోజు వచ్చింది. మైసయ్య చేతుల మట్టి దులుపుకొని గోడ దగ్గరికి పరుగెత్తాడు. మునీర్ ఇంట్లో లేడు. మొక్కల బండి దించుకోవడానికి మంచిర్యాల వెళ్ళాడు, మధ్యాహ్నానికి గాని రాడు. విజయం కొద్దిసేపు వాయిదా పడింది.

ఈ లోగా ఇంట్లో హడావిడి వేరేదానికి. ఆ రోజు చర్చిలో కోత పండుగ. పంటలు ఇళ్ళకు చేరాక ఏటా ఒక ఆదివారం ప్రతి కుటుంబమూ తన పొలంలోనో పెరట్లోనో పండినదాంట్లో మొదటిదీ మంచిదీ తెచ్చి బలిపీఠం ముందు పెడుతుంది. ఆరాధన ముగిశాక వాటిని వేలం వేస్తారు. పాడి గెలిచిన భక్తుడు ఉత్సాహం ఎక్కువై దాన్ని మళ్ళీ దేవునికే ఇచ్చేయడం, అదే గుమ్మడికాయ మళ్ళీ వేలానికి రావడం మామూలే. ఆ తరువాత అందరికీ ప్రేమవిందు. మైసయ్య హేతువాది కనుక ఆరాధనకు వెళ్ళడు. న్యాయవంతుడు కనుక విందు మానడు. ప్రసంగం ముగిశాక, విస్తళ్ళు వేయకముందు చేరుకునే నేర్పు ఆయనకు బాగా అబ్బింది.

ఆనందమ్మ, కోడలు బ్లెస్సీ సంచులు పట్టుకొని ముందే బయలుదేరారు. కొడుకు జేమ్స్ మొదటి షిఫ్టుకు వెళ్ళిపోయాడు. ఇల్లు నిశ్శబ్దమయ్యాక మైసయ్య మధ్యాహ్నం దాకా గేటు దగ్గర మునీర్ దారి చూశాడు. ఇక కుర్చీ తెచ్చుకొని పూసిన మొక్క ఎదురుగా కూర్చుందామనుకున్నాడు. కుర్చీ కోసం చోటు చూస్తుండగా, వెనుక వరుసలోని ఫాక్స్‌గ్లోవ్ మొక్కల మీద ఆయన చూపు పడింది.

ఆ వరుసలో ఆకులు లేవు.

మొదట మేక అనుకున్నాడు. కాని తొడిమలు కత్తితో కోసినట్టు నున్నగా ఉన్నాయి. మేకలు అంత శ్రద్ధ చూపవు. పక్కనే కట్ట కట్టడానికి చీల్చిన అరటినార పీలికలు ఉన్నాయి. ఉదయం వంటింట్లో వినబడిన మాటలు అప్పుడు ఆయన చెవిలో మళ్ళీ మోగాయి. "బ్లెస్సీ, పెరట్ల కూర తెంపు బిడ్డా, దేవుని దగ్గర పెట్టాలె" అని ఆనందమ్మ అన్నది. ఆ మాట చుక్కకూర గురించి. చుక్కకూర మడి ఒక్క ఆకు కూడా పోకుండా నవనవలాడుతున్నది.

ఫాక్స్‌గ్లోవ్ ఆకు విషం. కొద్దిగా తిన్నా వాంతులు, మరికొంత తింటే గుండె లయ తప్పడం, ఆపైన మరణం. మైసయ్యకు ఇది కంఠతా తెలుసు. కనుకనే ఆ మొక్కల ముందు "విషం. ముట్టరాదు" అని ఎర్రరంగుతో రాసిన పలక పాతాడు. ఎర్రని అక్షరాలు ఇప్పటికీ అక్కడ నిటారుగా నిలబడి, ఖాళీ మొక్కలకు కాపలా కాస్తున్నాయి.

చెప్పులు వెతుక్కునే ఓపిక లేక మైసయ్య రబ్బరు బూట్లతోనే చర్చి వైపు పరుగు తీశాడు.

చర్చి ఆవరణలో పసుపురంగు షామియానా వేశారు. దాని కింద జనం విస్తళ్ళ ముందు కూర్చున్నారు. కొందరి విస్తళ్ళలో అప్పటికే పప్పు ఉంది. గేటు దగ్గర బ్లెస్సీ మంచినీళ్ళ జగ్గుతో ఎదురొచ్చింది. ఖానాపూర్ నుంచి కోడలిగా వచ్చాక ఆమెకు ఇదే మొదటి కోత పండుగ. ముఖం వెలిగిపోతున్నది.

"మామా! మన కూర కట్టకు ఎంత పోటీ పడ్డరో తెలుసా? రాయమల్లు తాత వదుల్తెనా! అందరి కంటె మనదే ఎక్కువ పలికింది."

"బిడ్డా, నువ్వు తెంపింది ఏ కూర?"

"అదే మామా, వెనుక వరుసల మెత్తటి కూర. నువ్వు కూలర్ పెట్టి పెంచినదట గదా?"

"చుక్కకూర ఎందుకు తెంపలే?"

"దేవునికిచ్చేది ఇంట్ల అన్నిటికంటె మంచిదే ఇయ్యాలె గద మామా. మా బాపు గట్లనే చెప్తడు. మన పెరట్ల నువ్వు అంత పానం పెట్టి చూసుకునేది గదే గదా."

"ముందట పలక లేదా? విషం అని రాసి లేదా?"

బ్లెస్సీ ఆశ్చర్యపోయింది. "ఉన్నది. జామచెట్టుకు కూడ ఉన్నది గదా మామా, 'విషం కొట్టినం' అని? మొన్న నువ్వే కోసిచ్చినవ్, తిన్నం."

ఆమె అన్నది నిజమే. ఆ గని క్వార్టర్ల సందుల్లో పూలకూ కాయలకూ కాపలా కాసేవి గోడలు కావు, అబద్ధాలు. మల్లెతీగకు "మందు కొట్టినం" అని ఒక అట్ట. మామిడికి "మందు కొట్టినం, ముడితే మీదే బాధ్యత" అని ఇంకొక అట్ట. ఎవరూ ఏ మందూ కొట్టరు. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా కడతారు, కట్టకపోతే ఆ చెట్టులో దాచుకోదగినది ఏమీ లేదని వాడకట్టు అనుకుంటుంది. ఇన్ని అబద్ధాల నడుమ ఒక్క నిజాన్ని ఎర్రరంగుతో రాసి నిలబెడితే, దాన్ని చదివిన ప్రతివారికీ తోచే అర్థం ఒక్కటే: ఈ ఇంట్లో అన్నిటికంటె రుచిగల కూర ఇదే.

"కట్ట ఎటు పోయింది?" అన్నాడు మైసయ్య, గొంతు తగ్గించి.

"రాయమల్లు తాత పాడుకున్నడు. మళ్ల దేవునికే ఇచ్చిన అన్నడు. గప్పుడు నేను విస్తళ్ళు కడుగ పోయిన. ఏమైంది మామా?"

"ఏం కాలే. నువ్వు నీళ్ళు పొయ్యి. పప్పు మాత్రం తినకు."

అప్పుడే షామియానా అవతలి నుంచి ఆనందమ్మ చేయి ఊపుతూ వచ్చింది. భుజానికి గుడ్డసంచి వేలాడుతున్నది. "జేమ్స్ వాళ్ళ బాపూ, జర ఇటు రా, నీతోని ఒక ముచ్చట..."

"ఇప్పుడు కాదు ఆనందా" అని మైసయ్య చేయి అడ్డం పెట్టి ముందుకు నడిచాడు.

వేలం పాడించింది చర్చి సెక్రటరీ జాన్సన్. గొంతు పోయి, గోరువెచ్చని నీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. మైసయ్య ప్రశ్నకు వేళ్ళతో సైగలు చేసి, సగం గుసగుసగా చెప్పాడు: రాయమల్లు పాడుకొని తిరిగిచ్చాడు, ఆ తరువాత ఏం జరిగిందో తనకు జ్ఞాపకం లేదు, ఎందుకంటే అప్పుడు రెండు కోళ్ళు కట్లు తెంపుకొని బలిపీఠం ఎక్కాయి. "మిగిలిన కూరలు అన్నీ వంటకే పోతయి మైసయ్యా. ఏటా గంతే గదా."

మైసయ్య మనసులో వరుసగా పేర్చుకున్నాడు. కట్ట బలిపీఠానికి తిరిగి వచ్చింది. బలిపీఠం మీద మిగిలిన కూరలు వంటశాలకు వెళతాయి. వంటశాలలో చంద్రవ్వ వాటిని పప్పులో వేస్తుంది. పప్పు విస్తళ్ళలో ఉంది. తర్కంలో ఎక్కడా పగులు లేదు. ఒక్క వాస్తవం మాత్రం తక్కువైంది. ఆ సంగతి తర్కానికి తెలియదు.

ఆయన వంటశాలలోకి దూరాడు. చంద్రవ్వ గంగాళం ముందు గరిటెతో నిలబడి ఉంది.

"చంద్రవ్వా, పప్పుల ఏం కూర ఏసినవ్?"

"ఏ కూర వస్తే గా కూర. పాలకూర, తోటకూర, గంగవాయిలి, బచ్చలి... దేవుని దగ్గరికెల్లి వచ్చినవాటికి పేర్లు అడుగుతమా?"

"నూగు ఉన్న ఆకు ఏమన్న ఉండెనా? మెత్తగ, గొంగడి తీరు?"

"మస్తు మెత్తగున్నయి అన్ని. ఎందుకు, రుచి బాగలేదా?" అని చంద్రవ్వ కళ్ళెర్రజేసింది. "మూడు బొచ్చెలు అప్పుడే లేసినయి. బాగలేకపోతే లేస్తయా?"

మైసయ్య షామియానా మధ్యకు నడిచి, గుండెనిండా గాలి పీల్చి, ఒక్క మాట అరిచాడు.

"బయటికి!"

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. గనిలో మైసయ్య ఉద్యోగం, దీపం పట్టుకొని నడిచి, గాలిలో మండే వాయువు చేరిందో లేదో పరీక్షించడం. ఆయన "బయటికి" అంటే గనిలో ఎవరూ "ఎందుకు" అని అడిగేవారు కాదు. తట్ట, పార అక్కడే పడేసి ఉరికేవారు. షామియానా కింద కూర్చున్నవారిలో సగంమంది ఆ గని మనుషులు, మిగతా సగం వారి భార్యాబిడ్డలు. రిటైరై ఎన్నేళ్ళయినా కాళ్ళు రిటైరు కాలేదు. రెండు క్షణాలలో షామియానా కింద విస్తళ్ళు తప్ప ఎవరూ లేరు. చాలామంది రోడ్డు దాకా వెళ్ళాక, తాము నేల కింద లేమనీ, ఇంకా బయటికి పోవడానికి చోటు లేదనీ గ్రహించి ఆగారు. చివరగా వచ్చిన పాస్టరు అయ్యగారి చేతిలో మాంసం గిన్నె ఉంది; దాన్ని వదిలే ఆజ్ఞ మాత్రం ఆయనకు అందలేదు.

"ఏమైందన్నా? గ్యాసా?" అని అరిచాడు రాయమల్లు.

"పప్పు. పప్పుల నా తోటల ఆకు పడ్డది. అది విషం."

ఆ తరువాత రెండు వందల మంది ఒకేసారి మాట్లాడారు. మైసయ్య చేతులెత్తి వారిని ఊరడించాలనుకున్నాడు. ఊరడింపుకు కచ్చితమైన సమాచారమే సరైన మార్గమని ఆయన జీవితమంతా నమ్మాడు.

"పరేషాన్ గాకుండ్రి! లక్షణాలు చెప్త, వినుండ్రి. మొదట కడుపుల తిప్పుతది. నోట్లె నీళ్ళూరుతయి. నాడి మెల్లగైతది. తరువాత కండ్లకు అంత పసుపురంగుల కనవడ్తది. గీటిల ఏదన్న ఉంటెనే భయపడాలె. లేకపోతే లేదు!"

మాట ముగియకముందే మూడు వైపుల నుంచి వాంతుల శబ్దం వినిపించింది. ఎండ తగలకుండా మళ్ళీ షామియానా కిందికి చేరినవారిలో ఒకామె, తన కొడుకు ముఖం చూసి కేక పెట్టింది. "అయ్యో, పిలగాడు పసుపుగ అయిండు!" ఆమె పక్కనున్నవారు ఆమె వైపు చూశారు, ఆమె కూడా పసుపుగానే కనబడింది. రాయమల్లు తన అరచేతులను తిప్పి తిప్పి చూసుకున్నాడు. అవి పసుపుగా ఉన్నాయి. ఆయన పప్పు ముట్టనే లేదు, మాంసమే తిన్నాడు. ఆ సంగతి అప్పుడు ఆయనకు జ్ఞాపకం రాలేదు.

"మైసన్నా, నాకు లోకమంత పసుపుగ కనవడ్తుంది! నేను పోతున్న!"

"రాయమల్లూ, కూసో! లేస్తే నాడి ఇంక పడిపోతది!"

"జేమ్స్ వాళ్ళ బాపూ" అని ఆనందమ్మ ఆయన చొక్కా పట్టి లాగింది. "నా మాట జర ఇను. గా కట్ట..."

"ఆనందా, నేను గిక్కడ ప్రాణాలు చూస్తున్న! కట్ట ముచ్చట తరువాత!"

"తరువాతనేనా? సరే" అన్నది ఆనందమ్మ. ఆ "సరే" ఎటువంటిదో నలభై ఏళ్ళ కాపురం చేసిన మనిషి గుర్తుపట్టి ఉండవలసింది.

మైసయ్య గోడ పక్కకు పోయి మునీర్‌కు ఫోన్ చేశాడు. మునీర్ కూతురు రిదా పట్టణంలోని సర్కారు దవాఖానలో డాక్టర్. "భాయ్, బిడ్డను తీసుకొని చర్చి కాడికి రా. ఉరుకు! నా ఫాక్స్‌గ్లోవ్ తిన్నరు, ఊరు ఊరంత! డాక్టరమ్మకు చూపించాలె, నా పెరట్లకెల్లి ఒక నమూనా కూడ పట్కరా!" వీరిలో ఒక్కరు పోయినా ఆ చావు తన చేతి మీద పడుతుంది. అంతకంటె ముందు కోడలి మీద పడుతుంది. గేటు దగ్గర బ్లెస్సీ ఖాళీ జగ్గును ఎదకు హత్తుకొని, కదలకుండా నిలబడి ఉంది. ఏం జరిగిందో ఆమెకు అర్థమైపోయింది. జనం మాత్రం ఇంకా ఆమె వైపు చూడలేదు. వారు చూసే లోపల ఏదో ఒకటి చేయాలని మైసయ్య తపన.

మునీర్ బైకు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. వెనుక రిదా, మెడలో స్టెతస్కోపు. మునీర్ ఒక చేత్తో హ్యాండిల్, మరొక చేత్తో మొక్క పట్టుకొని ఉన్నాడు. నమూనా అన్నారు కదా అని వేళ్ళూ మట్టీ సహా పెరికి తెచ్చాడు. కాడ ఆయన తలకంటె ఎత్తుగా ఊగుతున్నది; దాని కింది భాగంలో గులాబీరంగు గంట.

"మైసన్నా!" అని బైకు మీది నుంచే కేక. "పూసింది! వల్లా, పూసింది అన్నా! బెల్లంపల్లిల పూసింది! బోర్డు దించుత! ఇయ్యాల్నే దించుత!"

రెండేళ్ళుగా మైసయ్య ఈ మాట కోసం ఎదురుచూశాడు. అది వచ్చిన సమయంలో ఆయన రాయమల్లు తలను తన ఒడిలో పెట్టుకొని విసురుతున్నాడు. "పక్కకు పెట్టు భాయ్" అన్నాడు, చూడకుండానే.

రిదా చుట్టూ చూసి, గొంతెత్తి అడిగింది. "పప్పు తిన్నోళ్ళు ఎవరు? చేతులెత్తుండ్రి!"

అందరూ ఎత్తారు. తిననివారూ ఎత్తారు, ఇంజెక్షన్లు వేస్తే తామొక్కరే మిగిలిపోతామని వారి భయం. మాంసం గిన్నెతో అయ్యగారు కూడా ఒక చేయి ఎత్తారు.

రిదా వరుసగా మణికట్లు పట్టుకుంటూ పోయింది. నాలుగైదు చూశాక ఆమె నుదురు ముడివడింది. ఇంకొన్ని చూశాక ముడి విడిపోయింది. "మైసయ్య చాచా, గీ ఆకు తింటే నాడి మెల్లగైతదని నువ్వే అన్నవట గదా? ఈళ్ళందరి నాడి గుర్రం లెక్క ఉరుకుతుంది."

"మరి పసుపు? నాకు అంత పసుపుగ కనవడ్తుంది బిడ్డా!" అని రాయమల్లు మూలిగాడు.

రిదా ఆయనను చేయి పట్టి లేపి, ఎండలోకి నాలుగు అడుగులు నడిపించింది. "ఇప్పుడు?"

రాయమల్లు చుట్టూ చూశాడు. "ఇప్పుడు లేదు."

రిదా వెనక్కి తిరిగి షామియానా గుడ్డను చూపించింది. రాయమల్లు దాన్ని చూశాడు, తన అరచేతులు చూసుకున్నాడు, మళ్ళీ దాన్ని చూశాడు. "నేను ముందే అనుకున్న" అన్నాడు.

"కడుపుల తిప్పుడు మాత్రం ఉత్తది కాదు డాక్టరమ్మా" అని ఎవరో అన్నారు. "విషం పప్పు తిన్నంక తిప్పదా?" రిదా ఇంకా పూర్తిగా నిశ్చింతగా లేదు. "ఆకు కడుపుల పడ్డంక జర సేపటికి గాని తెల్వది. ఒక్కరు నిజంగ తిన్నా దవాఖానకు పోవాలె. పప్పుల పడ్డదా లేదా, గది చెప్పేటోళ్ళు కావాలె."

అదే సమయంలో జనం వెనుక నుంచి ఒక కేక వినబడింది. "అగ్గో! ఆనందమ్మ తింటుంది!"

అందరూ తిరిగి చూశారు. షామియానా అవతలి చివర, ఒంటరిగా ఒక విస్తరి ముందు, ఆనందమ్మ కూర్చొని ఉంది. అన్నంలో పప్పు కలుపుకొని, నిదానంగా ముద్ద చేసి, నోట్లో పెట్టుకుంది. ఆ తరువాత గరిటె అందుకొని ఇంకొంచెం పప్పు వేసుకుంది.

మైసయ్య ఉరికాడు. రబ్బరు బూట్లు విస్తళ్ళలో జారాయి. "ఆనందా! ఉమ్మెయ్యి! ఉమ్మెయ్యే! నన్ను ఒక్కణ్ణి చేసి పోతవా?" ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"ఎటు పోత? ఆకలైతుంది" అన్నది ఆనందమ్మ. "పప్పు బాగున్నది. చంద్రవ్వా, ఉప్పు జర ఎక్కువైంది గంతే."

"అది విషం!"

"విషం గీడున్నది." ఆమె ఎడమచేత్తో గుడ్డసంచిని ఆయన ముందుకు జరిపింది. లోపల అరటినారతో బిగించిన కట్ట, ఒక్క ఆకు కూడా చెదరకుండా. "ఇగో, నీ నక్క తొడుగులు. తెరిచి చూసుకో, ఎన్ని తెంపిండ్రో గన్ని ఉన్నయి."

మైసయ్య కట్ట విప్పి ఆకులు లెక్కపెట్టసాగాడు.

"బలిపీఠం కాడ చూసిన్నో లేదో గుర్తువట్టిన. రెండేండ్లు రాత్రి పగలు నా చెవుల అదే పోసినవ్ గద, ఆకు గిట్లుంటది, నూగు గిట్లుంటదని. పది మందిల లేసి 'అది విషం' అంటె పిల్ల ఇజ్జత్ ఏమైతది? మొదటి పండుగ దానికి. గందుకే పాటకు లేసిన. నేను ఎగబడి పాడుతున్నంటె ఏదో మందు ఆకేమో అని రాయమల్లు బావ నాకు అడ్డం పాడిండు. ఆయన గెలిచి మళ్ల ఇచ్చిండు. కోళ్ళు లేసినప్పుడు రెండో పాట అయింది, నేను గెలిచిన. ఎంతకో మాత్రం అడగకు."

"మరి చెప్పద్దా నాకు?"

"రెండుసార్లు వచ్చిన. నువ్వు నన్ను మాట్లాడనిచ్చినవా?"

జనంలో మొదట నవ్వింది చంద్రవ్వ. తరువాత నవ్వు రోడ్డు దాకా పాకింది. బ్లెస్సీ మాత్రం నవ్వలేదు. వచ్చి అత్త పక్కన కూర్చొని, ఆమె భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఆనందమ్మ ఎంగిలి చేతిని దూరంగా పెట్టి, మరొక చేత్తో ఆమె వీపు నిమిరింది. "ఊకో బిడ్డా. దేవునికి మంచిదే ఇచ్చినవ్. ఆయనకు విషం ఏం జేస్తది?"

విస్తళ్ళు మళ్ళీ పరిచారు. భయం వల్ల ఖాళీ అయిన కడుపులు రెట్టింపు తిన్నాయి. పప్పు గంగాళం అడుగంటింది. ఇందాక చావుకు సిద్ధమైనవారు ఇప్పుడు ఎవరికి ఎక్కువ పసుపు కనబడిందో పోటీపడి చెప్పుకుంటున్నారు. మునీర్ పెరికిన మొక్కను ఒక బకెట్లో నిలబెట్టి, ప్రతి ఒక్కరికీ దాని గంటలోపలి చుక్కలు చూపిస్తూ, ఇది పూస్తుందని తనకు మొదటి నుంచీ అనుమానం ఉండేదని వివరిస్తున్నాడు.

మైసయ్య ఒక మూల కూలబడ్డాడు. రిదా వచ్చి పక్కన కూర్చొని, ధైర్యం చెప్పడానికన్నట్టు ఆయన చేయి అందుకుంది. వేళ్ళు అలవాటుగా మణికట్టు మీదికి జారాయి. అక్కడే ఆగిపోయాయి.

"చాచా, నువ్వు ఏమన్న తిన్నవా?"

"ఏం తినలే బిడ్డా. పొద్దుగాల చాయ తాగిన."

"గా ఆకు నోట్లె పెట్టలే గదా? ఎన్నడూ?"

"నేనా?" అన్నాడు మైసయ్య, అవమానం జరిగినట్టు.

రిదా స్టెతస్కోపు తీసి ఆయన ఛాతీ మీద పెట్టింది. చాలాసేపు వింది. ఆవరణలో ఉన్న రెండు వందల గుండెలలో లయ తప్పి కొట్టుకుంటున్నది ఆ ఒక్కటే. అదీ ఇవాళ్టిది కాదు, చాలాకాలంగా చెప్పకుండా సాగుతున్న వ్యవహారమని ఆమెకు తోచింది. ఆమె తండ్రిని పిలిచి కారు తెప్పించమన్నది. "ఫికర్ చేయకు చాచా. ఇయ్యాల దొరికింది, మంచిగైంది. ఇంకో ఏడాది గిట్లనే ఉంటె దొరకకపోతుండె."

మంచిర్యాలలో పెద్ద డాక్టరు పరీక్షలన్నీ చేసి, గుండె లయ సరిదిద్దడానికి చిన్న తెల్లటి మాత్ర రాశాడు. ఏ మాత్రనైనా అది దేని నుంచి తయారైందో తెలుసుకోకుండా మింగడం మైసయ్య పద్ధతి కాదు. ఆయన అడిగాడు. రిదా డాక్టరు వైపు చూసింది, డాక్టరు రిదా వైపు చూశాడు. చివరికి ఆమే చెప్పింది. ఫాక్స్‌గ్లోవ్ జాతి ఆకు నుంచి తీస్తారట, కొలత ప్రకారం ఇస్తే అదే మందట. మైసయ్య మాత్రను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆనందమ్మ నీళ్ళ గ్లాసు పట్టుకొని, ఈసారి తానేమీ మాట్లాడకుండా, ఎదురుగా నిలబడింది.

ఊరందరి విస్తళ్ళ నుంచి ఆ ఆకును దూరంగా ఉంచాలని పరుగులెత్తిన మైసయ్య, అప్పటి నుంచి రోజూ భోజనం కాగానే దాన్ని మంచినీళ్ళతో మింగుతున్నాడు.